నాలుగు పాయింట్ల మావయ్య

మా బావ వాళ్ళ నాన్నని నేను ఒక వస్తాదుకి మేతగా వేసేశాను. ఆయన చనిపోయిన మూడేళ్ళకి, మా పేట శాఖా గ్రంథాలయంలో, దినపత్రికల బల్ల దగ్గర కూర్చుని, పట్టపగలు ఈ పని చేశాను. ఎవరూ ఆపలేదు. పైగా చేసినందుకు నన్ను నేను మెచ్చుకుని, టైముతో సహా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఇది అర్థం కావాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి. ఫోనులో ఉచితంగా దొరికే కార్డుల ఆట అది. ఒక్కో కార్డు మీద ఒక కుస్తీవాడి బొమ్మ ఉంటుంది. ఒంటినిండా నూనె, నడుముకి చిన్న చెడ్డీ, మొహంలో కళ్ళముందే బస్సు వెళ్ళిపోయినవాడి కోపం. బొమ్మ కింద బలం, ఓర్పు, వేగం అని అంకెలు. మనవి పది కార్డులు, అవతలివాడివి పది కార్డులు. మనం మీట నొక్కితే అవే కొట్టుకుంటాయి, మనం చూస్తూ కూర్చోవాలి. గెలిస్తే బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి ఏరుకోవచ్చు. కంచు, వెండి, బంగారం అని మూడు మెట్లు. పనికిరాని కార్డుని మంచి కార్డుకి తినిపిస్తే మంచి కార్డు బలం కాస్త పెరుగుతుంది. తిన్నది ఉంటుంది, తినబడ్డది పోతుంది. ఆట తయారుచేసినవాళ్ళు దీనికి శిక్షణ అని మర్యాదగా పేరు పెట్టారు. మేం మేత అంటాం.

ఈ ఆట మా ఇంట్లోకి బావ ద్వారా వచ్చింది. బావ అంటే మా అక్క మొగుడు. స్టీలు ప్లాంటులో కోక్ బట్టీల దగ్గర షిఫ్టు డ్యూటీ చేస్తాడు. పెందుర్తిలో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉంటాం మేం. నేను పరవాడ వైపు బొగ్గు లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాస్తాను. నా డ్యూటీ సాయంత్రం నాలుగింటికి మొదలు. మా వైపు మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి ఆయన నాకూ బావే, నేను ఆయనకీ బావనే.

ఆటలో ఒక చిక్కు ఉంది. గంటకోసారి మన వస్తాదులకి ఊపిరి నిండుతుంది. నిండాక వాడకపోతే పొర్లి వృథా అయిపోతుంది. బావ పనిచేసే చోట గ్యాసు భయం, ఫోను గేటు దాటి లోపలికి వెళ్ళకూడదు. ఆయనతో ప్లాంటు బస్సెక్కే పదిమందీ ఒక జట్టుగా ఏర్పడి ఈ ఆట ఆడుతున్నారు, అందరిదీ ఇదే బాధ. వాళ్ళు దానికి ప్లాంటు పద్ధతిలోనే పరిష్కారం కనిపెట్టారు. ప్లాంటులో రిలీవరు వచ్చి, అప్పగింత పుస్తకంలో సంతకం పెట్టేవరకు పాతవాడు సీటు వదలకూడదు. ఆటకి కూడా అదే రూలు పెట్టుకున్నారు. డ్యూటీకి వెళ్ళేవాడు తన ఫోనుని ఇంట్లో ఒక రిలీవరుకి అప్పగించాలి. ఒకడికి భార్య, ఒకడికి తమ్ముడు, ఒకడికి రిటైరైన మామగారు. బావకి నేను. దీనికి నోటుబుక్కు కూడా ఉంది. ‘ఉదయం 5.10. కార్డులు పది, ఊపిరి నిండుగా ఉంది, అప్పగించాను’ అని బావ రాస్తాడు. ‘తీసుకున్నాను’ అని కింద నేను సంతకం పెడతాను. బట్టీల దగ్గర కూడా ఇంత నిష్ఠగా రాస్తారో లేదో నాకు తెలియదు.

ఇక నా సంగతి. నేను పదో తరగతితో ఆగిపోయాను. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. ఉదయం ఎనిమిదింటికి తలుపు తీస్తారు, పదకొండింటికి మూస్తారు. రోజుకి ఈ మూడు గంటల చొప్పున పద్దెనిమిదేళ్ళుగా చదువుతున్నాను. ఖగోళం, తేనెటీగల పెంపకం, గ్రీకుల చరిత్ర, మొలల వ్యాధి, అన్నీ చదివాను. బీరువాలో ఏ పుస్తకం ఎక్కడుందో లైబ్రేరియన్ మేడమ్ నన్నే అడుగుతారు. దీన్ని గొప్పగా చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే, అవును, గొప్పగానే చెప్పుకుంటున్నాను.

బావ ఫోను నా చేతికి వచ్చినప్పుడు ఆ పది కార్డుల్నీ ఒక విద్యావంతుడి కళ్ళతో చూశాను. తొమ్మిది పర్వాలేదు. పదోది మాత్రం కంచు కార్డు. పొట్ట ముందుకొచ్చి, మీసం ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉండి, భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని, ‘నీకేటి కావాలి’ అన్నట్టు చూస్తున్న పెద్దమనిషి. ఓర్పు సున్నా. ప్రతి పోటీలోనూ మొదట పడిపోయేది ఈయనే.

ఒకరోజు బావ బూట్లు వేసుకుంటుంటే అడిగాను.

“బావా, ఈ పొట్టాయన్ని ఎందుకుంచినావు? ఒక్క పాలి కూడా నెగ్గట్లేదు.”

“ఉండనీ.”

“ఆ జాగాలో వెండోణ్ణి పెట్టినావంటే మన జట్టు రెండు మెట్లు పైకెల్తాది.”

“ఆడి జోలికి ఎల్లకు బావా. మిగతావోళ్ళని నీకు నచ్చినట్టు సేసుకో.”

కారణం చెప్పలేదు. కారణం చెప్పని మాటని నేను లెక్కలోకి తీసుకోను. శాస్త్రీయ దృక్పథం అంటే అదే కదా. పైగా ఆ వారం నేను పాడి పశువుల పోషణ మీద ఒక పుస్తకం చదువుతున్నాను. ఒట్టిపోయిన గేదెని మేపుతూ కూర్చుంటే పాలిచ్చే గేదెకి దాణా తగ్గుతుందనీ, మమకారం పక్కనపెట్టి మందని ఏరిపారేయడమే రైతు ధర్మమనీ అందులో ఒక అధ్యాయం ఉంది. చదువుతుంటే నాకు పొట్టాయనే కళ్ళముందు మెదిలాడు.

అది జట్ల పోటీ ఆఖరి రోజు. బావ పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాడు. నేను ఒక పక్క పశుపోషణ తెరిచి పెట్టుకుని, ఇంకో పక్క ఫోను పట్టుకుని, పదీ పావుకి నిర్ణయం తీసుకున్నాను. పొట్టాయన కార్డుని నొక్కాను. బంగారు కార్డుని నొక్కాను. ఖాయమేనా అని ఆట అడిగింది. ఖాయమే అన్నాను. పొట్టాయన అలాగే తువ్వాలుతో, అదే చూపుతో పక్కకి జరిగి బంగారువాడి వెలుగులో కలిసిపోయాడు. వెంటనే ఫోనులోంచి వేలమంది ఒక్కసారిగా కేక వేశారు. చప్పుడు ఆపడం మరిచిపోయాను.

ఎదురు బల్ల దగ్గర పేపరు చదువుతున్న ముసలాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“ఏటి బాబూ, మ్యాచ్చా?”

“కాదు తాతా. పశుపోషణ.”

నోటుబుక్కు తీసి ఇలా రాశాను: ‘10.15. పనికిరాని కార్డు ఒకటి తొలగించి బంగారు కార్డుని బలపరచడమైనది. లాభం నాలుగు పాయింట్లు.’ ‘బలపరచడమైనది’ అన్న మాట కింద ఒక గీత కూడా గీశాను.

ఇంటికి వచ్చేసరికి అక్క నెత్తళ్ళ చేపలు వేయిస్తోంది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టి చెయ్యి చాపింది.

“ఏదీ, ఫోనిలాగియ్యి. మావకి ఓపాలి సూపించి తీసుకెల్దువు గాని. నెత్తళ్ళంటే పడి సచ్చేవోరు.”

“ఏ మావ?”

“నాకెంతమంది మావలున్నార్రా. మీ బావోళ్ళ నాన్న. ఫోన్లో ఉంటారు కదా, పొట్టేసుకుని.”

నూనె చిటపటలు నాకు చాలా దూరంగా వినిపించాయి.

విషయం ఇది. ఆ పెద్దాయన పోర్టులో సరుకులు మోసే కలాసీగా చేసి రిటైరయ్యాడు. బతికున్నంత కాలం ఫొటో తీయనివ్వలేదు. ఎవరైనా ఫోను ఎత్తితే ‘ఎల్లవో’ అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. పోయాక గోడకి పెట్టడానికి ఒక్క ఫొటో లేదు. పాత గుర్తింపు కార్డు మీద తపాలా బిళ్ళంత బొమ్మ ఉంటే స్టూడియోవాడికి ఇచ్చారు. వాడు దాన్ని పెద్దది చేసి, మీసం కత్తిరించి, రంగు తెల్లబరిచి, కోటు తొడిగి, టై కట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆ పటం చూసి ‘ఏ డిపార్టుమెంటండీ, ఆఫీసరా’ అని అడుగుతారు. బావ దాని వంక చూడనే చూడడు. ఏడాది కిందట ఆటలో ఈ కంచు కార్డు పడింది. అదే పొట్ట, అదే మీసం, భుజాన అదే ఎర్ర తువ్వాలు. ఏ దేశం వాడో, ఏం పేరో బావ చదవలేదు.

“ఆ రోజు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నారు. తరవాత డాబా మీదకెల్లిపోయి గంటసేపు దిగలేదు,” అంది అక్క. “అప్పట్నుంచీ రోజూ పడుకునే ముందు ఓపాలి తీసి సూసుకుంటారు. ఒకోపాలి తిడతారు కూడా. నువ్వు సొద పెట్టి సంపుతావని నీకు సెప్పలేదు. సరే గాని, సూపించు.”

“మేపీసాను.”

“ఏటి?”

“బంగారపోడికి మేపీసానక్కా. పొద్దున్న. లైబ్రరీలో.”

అక్క పొయ్యి ఆపేసింది.

“ఇందుకేనా పద్దెనిమిదేళ్ళు సదివినావు?”

నేను నోటుబుక్కుని వెనక్కి దాచుకున్నాను.

“మూడుకొస్తారు. నువ్వే సెప్పు. నాను సెప్పను,” అని నా వాటా వైపు చెయ్యి చూపించింది.

మూడింటికి ఇంకా మూడు గంటలుంది. ఆటలో సహాయం అని ఒక చోటు ఉంది, ఏమైనా అడగొచ్చు, ఇంగ్లీషులో అడగాలి. నా నిఘంటువు ముందు పెట్టుకుని గంటసేపు శ్రమపడి ఒక లేఖ రాశాను. గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, మా కుటుంబానికి చెందిన ఒక వృద్ధుడు ఈ ఉదయం పొరపాటున భక్షింపబడ్డాడనీ, ఆయనను మా యందు దయయుంచి యథాస్థితిలో తిరిగి ఇప్పించవలసిందనీ వేడుకున్నాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. మీ ఉత్సాహానికి ధన్యవాదాలు, ఫోను ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడండి అని. ఆపి వేశాను. పెద్దాయన రాలేదు. బంగారువాడు మాత్రం నాలుగు పాయింట్లు ఎక్కువ బలంతో పళ్ళు కొరుకుతూ నిలబడి ఉన్నాడు.

బావ వచ్చి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతుంటే ఫోనూ నోటుబుక్కూ తీసుకెళ్ళి ముందు పెట్టాను. నోటితో చెప్పే ధైర్యం లేక, రాసిన చోట వేలు పెట్టి చూపించాను. ఆయన చదివాడు. గీత గీసిన మాట దగ్గర ఆగాడు. ఫోను తీసి కార్డులన్నీ ఒకసారి అటూ ఇటూ జరిపాడు.

“ఎవలికి మేపినావు?”

“ఆ పచ్చబొట్ల బంగారపోడికి.”

“ఎంత పెరిగాడు?”

“నాలుగు పాయింట్లు.”

“మా నాన్న నాలుగు పాయింట్లు,” అన్నాడు. నాతో కాదు, చేతిలో ఉన్న బూటుతో అన్నట్టు అన్నాడు. తర్వాత లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిడతాడని నేను సిద్ధపడి ఉన్నాను. తిట్లకి నా దగ్గర సమాధానాలు ఉన్నాయి, నువ్వు కారణం చెప్పలేదు కదా అని మొదలుపెట్టేవాణ్ణి. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

మర్నాడు తెల్లవారి నేను మామూలుగా అప్పగింతకి వెళ్ళి నిలబడితే, బావ కేరేజీ పట్టుకుని, ‘ఎల్లొస్తాను’ అని బస్సుకి వెళ్ళిపోయాడు. ఫోను బీరువా పైన ఉంది, ఆపేసి. మిగతా అన్నిటికీ మామూలే. బజారుకి కలిసి వెళ్ళాం. గ్యాసు బండ నేనే ఎక్కించాను. మాటలు ఆగలేదు, ఫోను మాత్రం నా చేతికి రాలేదు. బస్సులో జట్టువాళ్ళు ‘ఏటి బావా, మీ రిలీవరు ఆబ్సెంటా’ అని అడిగితే ‘లాంగ్ లీవు’ అన్నాడట. ఈ మాట అక్క నాకు చెప్పినప్పుడు, ప్లాంటులో మనిషి మీద నమ్మకం పోతే ఆ మాటే అంటారని తెలియక నవ్వాను. తర్వాత తెలిసింది.

అప్పుడు నేను చాలా ఆలస్యంగా ఒక పని చేశాను. ఆట నియమాలు చదివాను. నలభై పేజీలున్నాయి, ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాలు. నాలుగు ఉదయాలు పట్టింది. మొలల వ్యాధి గురించి కూడా చదివినవాణ్ణి, ఈ ఒక్కటీ చదవకుండానే రిలీవరు కుర్చీలో కూర్చున్నాను. అందులో రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, పైమెట్టు ఎక్కినవాళ్ళకి ఇక కంచు కార్డులు పడవు, కొత్తగా చేరినవాళ్ళకే పడతాయి. రెండు, ఒకరి కార్డు ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. అంటే బావ ఫోనులోకి ఆయన ఎప్పటికీ రాడు. ఎవరైనా సున్నా నుంచి మొదలుపెడితే, వాళ్ళ దగ్గరికి రావచ్చు.

నా ఫోనులో సున్నా నుంచి మొదలుపెట్టాను. వారం రోజుల్లో కంచువాళ్ళు దండిగా పడ్డారు. ముసుగులవాళ్ళు, కవలలు, గుండువాళ్ళు, గుర్రపు జుట్టువాడు ఒకడు. పొట్టాయన పడలేదు. అంతా చెరిపేసి మళ్ళీ మొదటినుంచి ఆడాను. మళ్ళీ చెరిపేశాను. గ్రంథాలయంలో పుస్తకం తెరవకుండా నేను ఉండడం చూసి మేడమ్ ఒంట్లో బాగుందా అని అడిగారు.

అక్క ఇదంతా చూస్తోంది. ఒకరోజు కూర పొయ్యి మీద మగ్గుతుంటే తన ఫోను నా ముందు పెట్టింది.

“నాకూ పెట్టు.”

“నీకు ఆడ్డం రాదు కదా.”

“నీకొచ్చి ఏటి సేసినావో సూసాం కదా.”

పెట్టి ఇచ్చాను. మీట ఎక్కడుందో చూపించాను. కూర మగ్గినంతసేపు ఆడేది, మూత తీసే టైముకి ఆపేసేది. బోర్లించిన కార్డులు తిప్పేటప్పుడు నేనైతే సంభావ్యత లెక్క వేసేవాణ్ణి. తను మాత్రం ఇంటి తలుపు ముందు నిలబడి పిలిచినట్టు, ‘మావా, నెత్తళ్ళు అయిపోతన్నాయి, వొస్తారా రారా’ అంటూ తిప్పేది. మూడో రోజు వచ్చాడు. పొట్ట, తువ్వాలు, అదే చూపు. అక్క గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి ఫోను నా వాటా వైపు తిప్పి చూపించింది. కేక వేయలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది, ఉల్లిపాయలని చెప్పింది.

బావ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇద్దరం కూర్చున్నాం. వచ్చాక అక్క చెప్పింది. బావ చెయ్యి చాపాడు.

“సేతులు కడుక్కురండి. బొగ్గు.”

కడుక్కుని వచ్చాడు. అప్పుడు కూడా అక్క ఫోను ఇవ్వలేదు, తన చేతిలోనే పట్టుకుని చూపించింది. బావ వంగి చూశాడు.

“ఈడు కాదు,” అన్నాడు. “ఆయన నాతో ఏడాది ఆడారు. ఓపాలి నెగ్గారు కూడా. ఈడికి నానెవలో తెలీదు.”

నేను ఉండబట్టలేకపోయాను. అన్ని ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చినవేననీ, ఒకదానికీ ఇంకోదానికీ భేదం లేదనీ మొదలుపెట్టాను. ఇద్దరూ నా వైపు తిరిగి చూశారు. ఆపేశాను.

“తెలీకపోతే తెలుత్తాది,” అంది అక్క. “నాను కోడలిగా వొచ్చినప్పుడు మాత్రం ఆయనకి నానెవలో తెలుసేటి? సంవచ్చరం నా పేరే పలకలేదు. ‘ఇదిగో’ అనీవోరు.”

బావ నవ్వాడు. మేత వేసిన రోజు నుంచీ నేను చూడని నవ్వు. కుర్చీ ఆమె పక్కకి జరుపుకున్నాడు.

తర్వాత అక్క చేసిన పని ఏ లెక్కకీ అందదు. తన దగ్గరున్న వెండి కార్డులు రెండు, కష్టపడి గెలుచుకున్నవి, తీసి ఆ కంచు కార్డుకి మేపడం మొదలుపెట్టింది.

“అక్కా, అలా సేయకూడదు. బలమున్నోణ్ణి బలం లేనోడికి మేపితే అంతా నష్టం. పుస్తకంలో—”

“మా మావకి నానెట్టుకుంటాను. నీకేటి?”

“ఇంకోడున్నాడు కదా, ఆ గుండోడు. ఆణ్ణి కూడా పెట్టు,” అన్నాడు బావ.

పెట్టింది. పెద్దాయన ఓర్పు సున్నా నుంచి మూడుకి పెరిగింది. అయినా అప్పుడు ఆడిన మూడు పోటీల్లోనూ మొదట పడింది ఆయనే. పడ్డ ప్రతిసారీ బావ ‘లెగు నాన్నా’ అన్నాడు. అక్క ‘ఆయన మాటినే రకవా’ అంది.

తర్వాతి సోమవారం బావకి మళ్ళీ పొద్దుటి షిఫ్టు వచ్చింది. తెల్లవారుతుంటే లేచి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బావ బీరువా పైనుంచి ఫోను దించాడు, దుమ్ము తుడిచాడు, ఆన్ చేశాడు. అక్క చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తన ఫోను పక్కన, పోపుల డబ్బా మీద పెట్టుకుంది.

“మరి నాను?” అన్నాను.

బావ కేరేజీ అందుకున్నాడు. వెళుతూ వెళుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు, బరువుగానే వేశాడు.

“నువ్వు సదువుకో బావా.”

బస్సు హారను కొడుతోంది. ఆయన పరిగెత్తాడు. గ్రంథాలయం తెరవడానికి ఇంకా రెండున్నర గంటల పైనే ఉంది. అక్క ఇచ్చిన టీ తాగుతూ గుమ్మంలోనే కూర్చున్నాను.